పెయ్యకు టీకా, ఇంటికి రక్ష

పాడి ఉన్న ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మొదట దోమల్ని అనుమానిస్తాం, ఆ తర్వాత నీళ్లను. మలేరియా, టైఫాయిడ్, డెంగీ పరీక్షలన్నీ అయ్యాక కూడా జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎగబాకుతుంటే, రాత్రిళ్లు పక్క తడిసేలా చెమటలు పోస్తుంటే, నడుమూ కీళ్లూ పట్టేసి లేవనివ్వకపోతే, అప్పుడు కొట్టం వైపు ఒకసారి చూడాలి. ఈమధ్య చూడి గేదె ఏదైనా ఈసుకుపోయిందా, అంటే నెలలు నిండకుండానే చూలు పోయిందా? ఆ మాయను ఎవరు ఎత్తి పారేశారు? అప్పుడు చేతులకు ఏమైనా తొడుక్కున్నారా?

ఈ జ్వరం పేరు బ్రూసెల్లోసిస్. బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. ఇది సోకిన ఆవుకో గేదెకో సాధారణంగా అయిదో నెల దాటాక చూలు పోతుంది. మనిషికైతే నెలల తరబడి విడవని జ్వరం, ఒళ్లు నొప్పులు, ఏ పనీ చేయనివ్వని నీరసం. మగవాళ్లలో కొందరికి వృషణాలు వాస్తాయి, గర్భిణులకు గర్భం పోయే ప్రమాదం ఉంది. మనుషులకు వేసే టీకా మన దేశంలో లేదు. పశువులకు ఉంది. మీ ఇంట్లో పాలు పితికే మనిషికి రక్షణ కావాలంటే సూది కొట్టంలో ఉన్న పెయ్య మెడకు పడాలి.

ఆరోగ్యం అనగానే తిండి, నిద్ర, నడక అంటూ మన ఒంటి దగ్గరే మొదలుపెడతాం. పాడిరైతు ఇంట్లో అది ఇంకొంచెం అవతల, పశువు గాడి దగ్గర మొదలవుతుంది. ఈ అలవాటు చేసుకోవడం మొదట్లో కష్టమే. జబ్బు లేనప్పుడు, అదీ జబ్బుపడే మనిషికి కాకుండా వేరే జీవికి చేయాల్సిన పని కదా. కానీ ఒకసారి అలవడితే ఇంతకంటే తక్కువ శ్రమతో ఇంతమందిని కాపాడే పని పల్లెలో ఇంకొకటి కనబడదు.

మనిషి జ్వరానికీ పశువుకూ ముడి ఉందని తెలుసుకోవడానికి వైద్యులకే చాలాకాలం పట్టింది. 1887లో మాల్టా దీవిలో బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్, జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో ఈ సూక్ష్మజీవిని కనిపెట్టాడు. అది ఎక్కణ్నుంచి వస్తోందో మాత్రం అంతుపట్టలేదు. 1905లో ఆ దీవికే చెందిన వైద్యుడు థెమిస్టోక్లిస్ జమిత్, చూడటానికి నిక్షేపంలా ఉన్న మేకల్లో దాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడాది సైనికులకు మేకపాలు ఆపగానే శిబిరాల్లో జ్వరాలు బాగా తగ్గిపోయాయి. ఈలోగా డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ 1897లోనే ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన బ్యాక్టీరియాను వేరుగా గుర్తించి ఉన్నాడు. ఈ రెండూ దగ్గరి చుట్టాలని 1918లో తేల్చింది అమెరికా శాస్త్రవేత్త ఆలిస్ ఇవాన్స్. ఆవుపాలు పచ్చివి తాగితే ప్రమాదమని ఆమె చెబితే పాల వ్యాపారులే కాదు, తోటి శాస్త్రవేత్తలూ చాలా ఏళ్లు నమ్మలేదు. పరిశోధన చేస్తూ ఆమే ఆ జ్వరం పాలైంది. అది ఏళ్ల తరబడి ఆమెను వదల్లేదు. పశువు జబ్బు పశువైద్యుడిదీ మనిషి జబ్బు మామూలు డాక్టరుదీ అని గీత గీసి కూర్చుంటే ఎవరి ఒంటి మీదికి వస్తుందో ఆమె బతుకు చూస్తే తెలుస్తుంది.

టీకా కథ కూడా చిత్రమైనదే. 1923లో అమెరికాలో జాన్ బక్ ఒక జెర్సీ ఆవు పాల నుంచి బ్రూసెల్లాను వేరుచేశాడు. ఆ బ్యాక్టీరియా ప్రయోగశాలలో మామూలు గది వేడిలోనే ఏడాదికి పైగా ఉండిపోయింది. తర్వాత చూస్తే బతికే ఉంది గాని, జబ్బు చేసే శక్తి చాలావరకు పోయింది. దానికి స్ట్రెయిన్ 19 అని పేరు. నూరేళ్లు గడిచినా మన పెయ్యలకు వేసే టీకా దాని సంతతే. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ దీన్ని తయారుచేస్తోంది. అమెరికాలో 1947లో ఒక్క ఏడాదిలో 6,000కు పైగా మనుషులకు బ్రూసెల్లోసిస్ వచ్చింది. ఇప్పుడు అక్కడ ఏడాదికి దాదాపు 100 కేసులు. దూడలకు టీకాలు వేశారు, రోగమున్న పశువుల్ని మందల్లోంచి ఏరేశారు, పాలను పాశ్చరైజ్ చేశారు. మన దగ్గర పశువును ఏరేయడం జరిగే పని కాదు. చట్టాలూ నమ్మకాలూ అలా ఉంచి, ఒక్క గేదె మీద బతికే ఇల్లు ఆ గేదెను ఎలా వదులుకుంటుంది? అందుకే మన దగ్గర భారం ఎక్కువగా టీకా మీదే పడుతుంది.

నాలుగో నెల నిండాక, ఎనిమిదో నెల నిండేలోగా

ఈ టీకా ఆడ దూడలకే, నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులోనే, ఒక్కసారే వేస్తారు. కేంద్ర ప్రభుత్వం 2019లో గాలికుంటుకూ బ్రూసెల్లోసిస్‌కూ కలిపి జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ వయసులో ఉన్న ఆవు పెయ్యలకూ గేదె పెయ్యలకూ టీకా ఉచితం. అంటే అడ్డం డబ్బు కాదు, వయసు.

ఆ వయసు పెయ్య ఇంట్లో ఎవరి కంటా పడదు. ఈనిన కొత్తలో అందరూ దూడ చుట్టూ ఉంటారు. చూలు కట్టే ఈడు వచ్చాక మళ్లీ దాని మీద చూపు పడుతుంది. మధ్యలో ఉన్న ఈ నెలల్లో అది పాలివ్వదు, ఎదకు రాదు, అమ్మినా పెద్దగా రాదు. కొట్టంలో ఓ మూల కట్టేసి ఉంటుంది. టీకా వేసేవాళ్లు ఊళ్లోకి వచ్చిన రోజున కూడా పాలిచ్చే గేదెను ముందుకు తెచ్చి నిలబెడతారు, పెయ్య సంగతి గుర్తుకే రాదు. తర్వాతి విడత వచ్చేసరికి దానికి ఏడాది నిండిపోతుంది. మన పల్లెల్లో ఈ టీకా తప్పిపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం భయమూ కాదు, మూఢనమ్మకమూ కాదు, ఇలా మరిచిపోవడమే.

దీనికి విరుగుడు మీ ఇంటి గోడ మీదే ఉంది. పాలలెక్క రాసుకునే క్యాలెండర్ మీద, పెయ్య పుట్టిన రోజునే రెండు తేదీలు రాయండి: నాలుగు నెలలు నిండే రోజు, ఎనిమిది నెలలు నిండే రోజు. తిథుల లెక్కలో చూసుకునే ఇల్లయితే ఇంకా తేలిక. ఉగాదికి పుట్టిన పెయ్యకు శ్రావణం మొదలు కార్తీకం ముగిసేలోగా వేయించాలి. సంక్రాంతికి పుడితే మే నడిమి నుంచి సెప్టెంబర్ నడిమి దాకా గడువు. గేదెలు ఎక్కువగా వానాకాలం నడిమి నుంచి చలికాలం లోపల ఈనుతాయి కాబట్టి వాటి పెయ్యల గడువు చలికాలంలో మొదలై ఎండాకాలంలోకి పోతుంది. అప్పుడు మేత కోసం, నీళ్ల కోసం తిరగడంలోనే రోజులు గడిచిపోతాయి. అందుకే గోడ మీద రాత ఉండాలి. నాలుగో నెల నిండగానే పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. ఊళ్లోకి ఎప్పుడొస్తారో అని ఎదురుచూడకండి. ఒకే నెలలో పుట్టిన పెయ్యలున్న ఇళ్లన్నీ కలిసి అడిగితే సిబ్బంది రావడం కూడా తేలికవుతుంది.

వయసు విషయంలో ఇంత పట్టుదల ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఇది బతికి ఉన్న టీకా. చూడి పశువుకు వేస్తే ఆ టీకాయే చూలు పోయేలా చేయవచ్చు. మగ దూడకు వేస్తే వృషణాలకు హాని. బాగా పెద్దయ్యాక వేస్తే రక్తపరీక్షలో జబ్బు ఉన్నట్టే కనబడి, ఏది టీకా వల్లో ఏది రోగం వల్లో తేల్చడం కష్టమవుతుంది. ఎనిమిది నెలల లోపు వేస్తే పెయ్య పడ్డగా ఎదిగేసరికి ఆ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయి, రక్షణ నిలిచి ఉంటుంది. "టీకా వేయిస్తే ఈసుకుపోతాయంట" అనే మాట రచ్చబండ దగ్గర వినబడితే కొట్టిపారేయకండి. అందులో నిజం కొంత ఉంది, అది చూడి పశువుకు వేసినప్పటి సంగతి. అలా జరగకూడదనే పెయ్యప్పుడే వేయించేది. "పాలు తగ్గుతాయి" అన్నవాళ్లకు జవాబు ఇంకా సులువు: పెయ్యకు తగ్గడానికి పాలెక్కడివి?

టీకా వేసే రోజున మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మందు ఐసు పెట్టెలో చల్లగా వచ్చిందా, కలిపిన మందును ఎండలో పెట్టకుండా వెంటనే వాడుతున్నారా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు, మంచి పశువైద్యుడు అడిగినందుకు సంతోషిస్తాడు. పెయ్య చెవికి 12 అంకెల పోగు ఉంటుంది. ఆ నంబరుతో టీకా నమోదైందో లేదో చూసుకోండి. రేపు ఆ పడ్డను అమ్మితే కొనేవాడికి చూపించగల సాక్ష్యం అదే. సూది వేశాక ఒకటి రెండు రోజులు పెయ్యకు కాస్త జ్వరం, మెడ దగ్గర వాపు ఉండవచ్చు.

ఇంకో జాగ్రత్త మనుషులది. ఈ టీకాలోని బ్యాక్టీరియా మనిషి ఒంట్లోకి పోతే మనిషికి జబ్బు చేయగలదు. వేసేవాళ్లు చేతి తొడుగులూ కళ్లద్దాలూ పెట్టుకోవాలి. పెయ్యను పట్టుకునే వాళ్లు దాన్ని కదలకుండా గట్టిగా కట్టేయాలి. పొరపాటున సూది గుచ్చుకున్నా, మందు కంట్లో చిందినా, కడుక్కుని ఊరుకోకుండా అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లి అది బ్రూసెల్లా టీకా అని, స్ట్రెయిన్ 19 అని చెప్పాలి. ఖాళీ సీసాలు కొట్టంలో పడేయనివ్వకండి, పిల్లలు ఆడుకుంటారు.

ఖర్చు ఒకరిది, మేలు ఇంకొకరిది

పశువుకు టీకా వేసి మనిషిని కాపాడటం అన్ని చోట్లా ఇంత సాఫీగా సాగలేదు. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో తాగునీటి బావిలోకి పశువుల పేడలోని ఈ.కోలై ఓ157 బ్యాక్టీరియా చేరింది. దాదాపు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. ఈ బ్యాక్టీరియా పశువు పేగుల్లో ఉన్నా పశువుకు ఏమీ కాదు. 2008లో అదే దేశంలో పశువులకు వేసే ఓ157 టీకాకు అనుమతి వచ్చింది. కానీ రైతులు పెద్దగా కొనలేదు. వాళ్ల పశువుకు జబ్బే లేదు, పాలు తగ్గవు, మాంసం తగ్గదు. మేలంతా ఎక్కడో నీళ్లు తాగే, మాంసం తినే మనిషికి. ఖర్చు మాత్రం రైతుది. చివరికి ఆ టీకా తయారీ ఆగిపోయింది. ఆ రైతుల్ని తప్పుపట్టలేను. సమాజానికి మేలు జరిగే పనికి సమాజమే డబ్బు పెట్టాలి, ఒక్కడి జేబు మీద రుద్దితే ఆ పని జరగదు.

బ్రూసెల్లోసిస్ విషయంలో మన అదృష్టం ఏమిటంటే ఇక్కడ రెండు లాభాలూ ఒకే ఇంట్లో కలుస్తాయి. గేదె ఈసుకుపోతే ఆ దూడ పోయింది, ఆ ఈత పాలు తగ్గాయి, మాయ సరిగా పడక మళ్లీ కట్టడం ఆలస్యమైంది. ఆ మీద ఇంట్లో మనిషి నెలల తరబడి మంచం పట్టాడు, కూలి పోయింది, అప్పు పుట్టింది. మంగోలియాలో పశువులకు పదేళ్లపాటు బ్రూసెల్లా టీకాలు వేస్తే ఎలా ఉంటుందో లెక్కగట్టి 2003లో ఒక అధ్యయనం వచ్చింది. పశువుల నష్టం, మనుషుల వైద్యం, పోయిన సంపాదన అన్నీ కలిపి చూస్తే పెట్టిన ఖర్చుకు మూడు రెట్లకు పైగా తిరిగివస్తుందని తేలింది. మీరూ మీ ఇంటి లెక్క అలాగే కట్టండి. పాడి ఖాతా ఒక పుస్తకంలో, ఆసుపత్రి బిల్లులు ఇంకో సంచిలో వేరువేరుగా ఉన్నంతకాలం ఈ నష్టం ఎంతో ఎవరికీ కనబడదు.

ఈసుకుపోయిన రోజున

టీకా నూటికి నూరు పాళ్లు ఆపదు. ఊళ్లో అన్ని పెయ్యలకూ ఏటా పడుతూ పోతే జబ్బు తరిగిపోతుంది గాని, రెండేళ్లలో మాయం కాదు. ఈలోగా చూలు పోయిన రోజున మనం చేసే పనే మనల్ని కాపాడుతుంది.

ఆ దూడలో, మాయలో, కారే నీళ్లలో బ్యాక్టీరియా లెక్కలేనంత ఉంటుంది. చేతి మీది చిన్న గీత చాలు, కంట్లో పడ్డ తుంపర చాలు. కాబట్టి ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. రబ్బరు తొడుగులు లేకపోతే మందపాటి ప్లాస్టిక్ సంచులైనా మోచేతుల దాకా కట్టుకోండి, ముక్కుకూ నోటికీ గుడ్డ చుట్టుకోండి. కాలవలో వేయడం, పెంటకుప్ప మీద పడేయడం, చెట్టుకు వేలాడదీయడం మానాలి. కుక్కలు మాయను లాక్కెళ్లి ఊరంతా తిప్పుతాయి. నాలుగడుగులకు తక్కువ కాకుండా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. తడిసిన గడ్డిని తగలబెట్టి, ఆ చోటును బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. ఆ గేదెను కొన్ని వారాలు మిగతావాటికి దూరంగా కట్టేయాలి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. రక్తం తీయించి పరీక్షకు పంపమని మీరే అడగండి.

ఈ పనులు మన ఇళ్లలో ఎవరు చేస్తారు? ఎక్కువగా ఆడవాళ్లే. తెల్లారకముందే కొట్టం ఊడ్చేదీ, ఈనేటప్పుడు దూడను లాగేదీ, ఆ చేతులు చీరకొంగుకు తుడుచుకుని పొయ్యి దగ్గరికి వెళ్లేదీ వాళ్లే. ఇంట్లో కోడలో కూతురో నెల తప్పి ఉంటే ఆ తొమ్మిది నెలలూ ఈనే పశువు దగ్గరికి ఆమెను పంపకూడదు. ఇది అత్తగారు దయతలచి చేసే సాయంగా కాక ఇంటి నియమంగా ఉండాలి.

ఇప్పుడు కష్టమైన మాట. ఒకసారి ఈసుకుపోయిన గేదె చాలాసార్లు తర్వాతి ఈత మామూలుగానే ఈనుతుంది. చూడటానికి పుష్టిగా ఉంటుంది. కానీ దాని పాలలో, ప్రతి ఈతలో పడే మాయలో బ్యాక్టీరియా ఉండవచ్చు. పశువులకు దీన్ని పూర్తిగా నయం చేసే ఆచరణయోగ్యమైన వైద్యం లేదు. అలాంటి గేదెను సంతకు తోలి, ఏమీ చెప్పకుండా అమ్మేయడం మన దగ్గర మామూలైపోయింది. కొన్నవాడూ మనలాంటివాడే, వాడి ఇంట్లోనూ పసిపిల్లలుంటారు. పరీక్ష చేయించండి. జబ్బు తేలితే ఆ పశువును విడిగా ఉంచుకుని పశువైద్యుడు చెప్పినట్టు నడుచుకోండి. మీరు కొనేటప్పుడు పళ్లూ పొదుగూ చూసినట్టే, చెవిపోగు నంబరూ బ్రూసెల్లా పరీక్షా అడగండి. కొనేవాళ్లందరూ అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు దాచలేరు.

పాల విషయంలో మనకు మంచి అలవాటే ఉంది. తెలుగిళ్లలో పాలు కాచే తాగుతాం, కాచిన పాలే తోడుపెడతాం. పొంగేదాకా కాస్తే బ్రూసెల్లా చస్తుంది. మిగిలినవి రెండు మూడు సందులు. బలమని పిల్లలకు తాగించే గుమ్మపాలు మానేయాలి. జున్ను బాగా ఉడకాలి. పంచామృతానికి కాచి చల్లార్చిన పాలు వాడండి, దేవుడు కాదనడు.

ఇక మిగతా టీకాల మాట. ఊళ్లలో వానలకు ముందు వేసే గొంతువాపు, జబ్బవాపు టీకాలు పశువు ప్రాణాన్ని కాపాడతాయి, మనుషుల జబ్బుతో వాటికి సంబంధం లేదు. మనిషినీ కాపాడేది ఇంకొకటుంది: దొమ్మ (ఆంత్రాక్స్) టీకా. విశాఖ మన్యంలో ఈ జబ్బు పుండ్లు మనుషులకు రావడం కొత్త కాదు. ఈ బ్యాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటుంది. దొమ్మ కనబడిన ఊళ్లలో ఏటా టీకా వేయించడమే దారి. నిన్నటిదాకా బాగున్న పశువు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కులోంచీ నోట్లోంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దాన్ని కోయకూడదు, తోలు తీయకూడదు, మాంసం పంచుకోకూడదు. పశువు పోయిన ఇంటివాళ్లకు ఆ మాంసాన్ని వదులుకోమనడం చిన్న మాట కాదని తెలుసు. అయినా చెప్పక తప్పదు. పశువైద్యుడు వచ్చి లోతుగా పూడ్పించేదాకా దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి.

ఈ అధ్యాయం చదువుతున్నప్పటికే మీ ఇంట్లో విడవని జ్వరం ఉంటే, డాక్టరుతో ఒక్క వాక్యం చెప్పండి: "మాకు పాడి ఉంది, ఫలానా నెలలో గేదె ఈసుకుపోయింది." ఈ మాట చెప్పకపోతే చాలామంది డాక్టర్లకు బ్రూసెల్లా తట్టదు, క్షయ అనో కీళ్లవాతం అనో మందులు మొదలవుతాయి. చెబితే రక్తపరీక్ష చేయిస్తారు. జబ్బు తేలితే మందులు ఉన్నాయి, నయమవుతుంది. సాధారణంగా డాక్సీసైక్లిన్‌తో పాటు ఇంకో మందు కలిపి కనీసం ఆరు వారాలు వాడమంటారు. పది రోజులకే జ్వరం పోయిందని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది, కాబట్టి పూర్తిగా వాడండి. ఆ రిపోర్టును ఇంట్లో దాచుకోకుండా ఊరి పశువైద్యుడికీ చూపించండి. మీ కొట్టంలో పశువుల రక్తం పరీక్షకు పంపడానికీ, చుట్టుపక్కల ఇళ్లలో ఈడొచ్చిన పెయ్యలు ఎన్ని ఉన్నాయో చూసి టీకా వేయడానికీ ఆయనకు ఆ కాగితమే ఆధారం.